పేరు గడి ఖాళీ

"మీరు పుట్టారని నాకూ కనిపిస్తూనే ఉంది పెద్దాయనా. కాగితం మీద కూడా కనిపించాలిగా!" అంది జనన మరణాల కౌంటర్లోని గుమాస్తా.

రిటైరైన బస్సు కండక్టరు పళ్ళు నూరుకున్నాడు. పెన్షన్ ఆఫీసు వాళ్ళు పుట్టిన తేదీకి సర్టిఫికెట్ నకలు తెమ్మన్నారు. తెద్దామని వస్తే ఈవిడ వచ్చిన ప్రతిసారీ కొత్త కొర్రీ వేస్తోంది.

"పాత రిజిస్టర్లు వెతికిస్తున్నాను. అలా కూర్చోండి. తర్వాతెవరు?"

కిటికీ పక్కనున్న బెంచీ మూడు కాళ్ళ మీదా, ప్రభుత్వం దయ మీదా నిలబడి ఉంది. కండక్టరు దాని మీద జాగ్రత్తగా కూర్చున్నాడు.

తర్వాత వచ్చినవాడు నలగని చొక్కా వేసుకున్న కుర్రాడు. మొహంలో మాత్రం చదవకుండా పరీక్షకొచ్చినవాడి కళ ఉంది.

"మా పాప బర్త్ సర్టిఫికెట్ నకలు కావాలి, మేడమ్."

గుమాస్తా అతన్ని ఎగాదిగా చూసింది. "ఇన్నాళ్ళకి తీరిందా?"

"రేపటిలోగా ఇవ్వకపోతే స్కూల్లో సీటు పోతుంది, మేడమ్."

"స్కూలు వాళ్ళు అడక్కపోతే పాప పుట్టిన సంగతే గుర్తొచ్చేది కాదన్నమాట." కంప్యూటరు మీద టకటకా కొట్టింది. "పుట్టినట్టు ఉంది. పేరు గడే ఖాళీ. ఐదేళ్ళుగా పిల్లని ఏమని పిలుస్తున్నారు?"

"బుజ్జి అని..."

"సర్టిఫికెట్‌లో బుజ్జి అని కొట్టమంటారా?"

క్యూలో ఎవరో కిసుక్కుమన్నారు. కుర్రాడు నింపిన ఫారం కిటికీలోంచి లోపలికి తోశాడు. అందులో పేరు చదవగానే గుమాస్తా మొహం చిట్లించింది.

"ఇదెవరి పేరు?"

"మా అమ్మ పేరండీ."

"ఓహో. పాపకి అమ్మమ్మ లేదా?"

"ఉన్నారు."

"ఆవిడకి పేరు లేదా?"

కండక్టరుకి ఒళ్ళు మండిపోయింది. లేచి కిటికీ దగ్గరికొచ్చాడు. "ఏమ్మా, వాళ్ళ పిల్లకి వాళ్ళు ఏ పేరు పెట్టుకుంటే నీకెందుకు?"

"మీ రిజిస్టరు ఇంకా దొరకలేదు పెద్దాయనా."

కండక్టరు వచ్చినదారినే వెళ్ళి కూర్చున్నాడు.

"ఈ పేరుకి తల్లి ఒప్పుకుందా?" అని మళ్ళీ కుర్రాడి మీద పడింది.

"ఒప్పుకున్నట్టే, మేడమ్."

"ఒప్పుకున్నట్టే అని రాసుకోవడానికి ఇందులో గడి లేదు. తల్లీ తండ్రీ ఇద్దరూ ఆఫీసరుగారి ఎదురుగా సంతకం పెట్టాలి. ఆలోచించుకుని రండి."

కుర్రాడు వచ్చి బెంచీ మీద కూలబడ్డాడు.

"ఈవిణ్ణి కట్టుకున్నవాడు ఏ జన్మలో ఏ పాపం చేశాడో బాబూ!" అన్నాడు కండక్టరు.

"నాకూ అదే అనుమానమండీ."

ఆ గొంతులో దిగులు విని కండక్టరు ఆగలేకపోయాడు. విసవిసా ఆఫీసరు గదిలోకి వెళ్ళాడు. ఆఫీసరు పేపరు చదువుకుంటున్నాడు.

"మీ గుమాస్తా ఆ కుర్రాణ్ణి కాల్చుకు తింటోంది సార్! వాడి కూతురి పేరు ఈవిడకి నచ్చాలట!"

ఆఫీసరు తలుపు సందులోంచి బెంచీ వైపు చూశాడు. చూసి, మళ్ళీ పేపరు ఎత్తుకున్నాడు.

"అందులో నేను వేలు పెట్టనండీ."

"మీరు ఆఫీసరే కదా?"

"అందుకే పెట్టను."

ఇలాంటి ఆఫీసరుకి అలాంటి గుమాస్తా. తిట్టుకుంటూ కండక్టరు మళ్ళీ బెంచీ దగ్గరికొచ్చాడు.

"ఇంతకీ ఆ పేరుతో గొడవేంటయ్యా?"

"మా ఆవిడ వాళ్ళమ్మ పేరు పెట్టాలంటుంది. నేను మా అమ్మ పేరంటాను. ఐదేళ్ళుగా ఇద్దరం తగ్గలేదు. స్కూలు సంగతి వచ్చాక ఇంట్లో మాటలు కూడా బంద్."

"ఓస్, ఇంతేనా! రెండూ కలిపి పెట్టెయ్. మా బస్సులో ఒక్క సీటుకి ఇద్దరు కొట్టుకుంటే నేనేం చేసేవాణ్ణనుకున్నావ్? సర్దుకోమనేవాణ్ణి. సర్దుకునేవాళ్ళు."

కుర్రాడు ఆయన్ని వింతగా చూశాడు. ఇంత చిన్న సంగతి తనకెందుకు తట్టలేదా అన్నట్టు తల గోక్కున్నాడు. కొత్త ఫారం తీసి, నింపి, మళ్ళీ కిటికీ దగ్గరికి వెళ్ళాడు. ఈసారి అండగా కండక్టరు కూడా వెళ్ళి పక్కన నిలబడ్డాడు.

"రెండు పేర్లూ కలిపాను, మేడమ్."

గుమాస్తా చేతిలో పెన్ను ఆగింది. "ఎవరిది ముందు?"

"అదీ ఈవిడకే కావాలి!" అని కండక్టరు తల కొట్టుకున్నాడు.

కుర్రాడు ఫారం ఆవిడ ముందుకి తోశాడు. "అమ్మమ్మది."

గుమాస్తా ఫారంలో ఆ పేరు రెండుసార్లు చదువుకుంది. తర్వాత నవ్వింది. ఆ మొహానికి ఆ సౌకర్యం కూడా ఉందని కండక్టరుకి అప్పుడే తెలిసింది.

"పెద్దాయనా, మీరూ పుట్టారట. రిజిస్టరు దొరికింది. మధ్యాహ్నం వచ్చి నకలు పట్టుకెళ్ళండి," అని, కుర్రాడి వైపు తిరిగింది. "తండ్రి సంతకం ఇక్కడ. మరి తల్లి?"

"పిలిస్తే వస్తుందో రాదో, మేడమ్."

"పిలవకుండానే అంటే ఎలా?"

ఇంతలో ఆఫీసరు తన గది గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. గుమాస్తా ‘భోజన విరామం’ అట్ట కిటికీకి తగిలించి, ఫారం తీసుకుని లేచింది.

"చూశావా! ఇక నువ్వు తల్లిని తీసుకొచ్చినా లాభం లేదు," అన్నాడు కండక్టరు.

గుమాస్తా పక్క తలుపులోంచి ఇవతలికొచ్చి, ఆఫీసరు ఎదురుగా నిలబడి, కుర్రాడి జేబులోంచి పెన్ను లాక్కుని, తల్లి గడిలో సంతకం పెట్టింది.