గాలాడని కారు

రండర్రా, రండి. దగ్గరికి జరగండి. ఆ వెనకాల గుసగుసలు ఆపాలి. అక్కా, నీ కోడలి సంగతి రేపు చెప్పుకుందువుగానీ, ముందు ఈ కుక్క సంగతి విను. మధ్యలో ఎవరన్నా దగ్గారంటే కథ మళ్ళీ మొదట్నించి ఎత్తుకుంటా, ఆపైన మీ ఇష్టం.

పొద్దున్న ఏడు గంటలు. మా వీధి చివర రేకుల షెడ్డు. కార్లకి సొట్టలు తీసి రంగులేసే మేస్త్రిది. షెడ్డులో గోడవారగా ఒక పాత కారు. అద్దాలకి రంగంటకుండా చుట్టూ పాత పేపర్లు అంటించేసి ఉన్నాయి. ముందద్దం మీద మాత్రం ఒక మూల పేపరు చిరిగింది. ఆ చిరుగులోంచి ఒక ముక్కు. నల్లగా, తడిగా.

ముందు చూసింది టీచరమ్మ. రిటైరై పదేళ్ళయినా వీధంతా ఇంకా ఆవిడ క్లాసే.

"ఎవరక్కడ? కుక్కని కార్లో పెట్టి తాళమేసిందెవరు?"

అంతే. పాలకి బయల్దేరినవాళ్ళు ఖాళీ గిన్నెల్తో అక్కడే పాతుకుపోయారు.

మేస్త్రి భార్య షెడ్డు ఊడుస్తోంది. చీపురుతోనే పరిగెత్తుకొచ్చింది.

"అది మా దొరేనండీ. రోజూ రాత్రి ఏదో ఒక కార్లో పడుకుంటుంది, కాపలాగా. ఆయన ఏం పనో చెప్పకుండా బయటికెళ్ళారు, వచ్చేస్తారు."

"రాత్రంతానా!" అన్నాడు మఫ్లరు తాత. మండుటెండలో కూడా ఆయన మెడకి మఫ్లరుంటుంది. స్నానానికైనా తీస్తాడా అని వీధిలో పందేలున్నాయి. "మూసిన కార్లో గాలాడొద్దూ? ప్రాణమమ్మా అది, ప్రాణం!"

టీచరమ్మ ఊరుకుంటుందా? "కుక్కని రాత్రంతా కార్లో వదలొచ్చు అనేవాళ్ళు చెయ్యెత్తండి."

ఒక్క చెయ్యి లేవలేదు.

"వదలకూడదనేవాళ్ళు?"

అన్నీ లేచాయి. భయానికి మేస్త్రి భార్య చీపురు కూడా సగం లేచింది.

అప్పుడు వస్తాదు ముందుకొచ్చాడు. ఆయన తలుపు మూశాడంటే మళ్ళీ తియ్యడానికి ముగ్గురు కావాలి. కారు తలుపు పట్టుకుని ఒక్క లాగు లాగాడు. పిడి ఊడి చేతికొచ్చింది గానీ తలుపు రాలేదు. వెనక తలుపూ అంతే.

"అటుపక్క చూడండి," అన్నాడు టీ కొట్టాయన.

అటుపక్క గోడకీ కారుకీ మధ్య మనిషి ఏటవాలుగా పట్టేంత సందు. కింద రంగు డబ్బాలు. గోడ మీద పచ్చి రంగు. వస్తాదుది తెల్లచొక్కా. టీచరమ్మది ఇస్త్రీ చీర.

"ఇటు రాని తలుపు అటు మాత్రం వస్తుందిటయ్యా?" అని టీచరమ్మ తేల్చేసింది. అందరికీ సబబుగానే అనిపించింది.

ఇంతలో ముక్కు మాయం!

"అయ్యో, పడిపోయింది!"

కాసేపటికి ముక్కు మళ్ళీ వచ్చింది. ఈసారి నోట్లో ఒక బన్ను.

"చూశారా? ఆకలికి తట్టుకోలేక సీటు కిందేదో ఎండు బన్ను వెతుక్కుంది!" టీచరమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది.

"నా బుట్టలో బన్నొకటి కనపడట్లేదర్రా," అన్నాడు టీ కొట్టాయన.

"ఇక్కడ ప్రాణం పోతుంటే నీ బన్ను గోలేంటయ్యా!" అని పది గొంతులు లేచాయి. పాపం, మిగిలిన బన్నులు మళ్ళీ లెక్కపెట్టుకున్నాడు.

ముక్కు మళ్ళీ మాయం. ఈసారి రాలేదు.

"ఇక లాభం లేదు. అద్దం పగలగొట్టు," అన్నాడు మఫ్లరు తాత.

వస్తాదు జాకీ రాడ్డు తీశాడు. మేస్త్రి భార్య అడ్డంపడింది.

"అన్నా, నీకు పుణ్యముంటుంది, ఆ ముందద్దం జోలికెళ్ళకు! ఆ మోడలు అద్దం ఎక్కడా దొరకట్లేదు. ఆయన చెప్పులరిగేలా నాలుగు నెల్లు తిరిగి నిన్ననే బిగించారు. పదింటికి టాక్సీల ఓనరు వస్తాడు. ఈ కారు నచ్చితే ఆయన బళ్ళన్నీ మా షెడ్డుకే. నచ్చకపోతే షెడ్డుకి తాళమే. ఒక్క పావుగంట ఆగండి!"

"అద్దం పోతే అద్దం వస్తుందమ్మా. ప్రాణం వస్తుందా?" అంది టీచరమ్మ. చప్పట్లు కూడా కొట్టారు.

వస్తాదు కొట్టాడు చూడండీ... ఆ చప్పుడికి పక్కవీధి పసిపిల్లాడు ఉయ్యాల్లోంచి లేచి నడక నేర్చేసుకున్నాడు!

పెంకులు దులిపి వస్తాదు తల లోపల పెట్టాడు.

"లేదు."

"ఊపిరి లేదా?"

"కుక్కే లేదు."

అంతలో మఫ్లరు తాత కాళ్ళ సందులోంచి ఒక ముక్కు బయటికొచ్చింది. దొర! మూతికి బన్ను పొడి. ఇంతమంది ఏం చూస్తున్నారా అని తనూ మెడ సాచి, తోకాడిస్తూ చూస్తోంది.

సరిగ్గా అప్పుడే మేస్త్రి తోపుడు బండి తోసుకుంటూ వచ్చాడు. బండి మీద దుప్పట్లో చుట్టిన బరువేదో ఉంది. అద్దం వంక చూశాడు. భార్య వంక చూశాడు. ఆవిడ చీపురు ఒళ్ళో పెట్టుకుని నేల మీద కూలబడింది. మేస్త్రి బండి వదిలేశాడు. ఇటు రండన్నట్టు గోడవైపుకి వేలు చూపించాడు, అంతే.

చొక్కాలకీ చీరలకీ రంగంటితే అంటిందని అప్పుడు వంగి చూశారందరూ ఆ సందులోకి.

చివరికి మఫ్లరు తాతే మఫ్లరు ఇంకో చుట్టు బిగించుకుని అన్నాడు:

"ఎంత కసాయివాడివయ్యా మేస్త్రీ, ఇటుపక్క తలుపులు రెండూ ఊడదీసి పట్టుకుపోయి ఆ మూగజీవాన్ని రాత్రంతా ఇంత గాలిలో పడుకోబెట్టావు, దానికి జలుబు చెయ్యదూ!"