నీడన ఆరిన ఆకు

"అది పొగాకా మైంజా, మేకలకేసే మేతా?" కంచె అవతల నుంచి చూమా అరిచాడు.

"మా మేకలకి రుచి తెలుసు లేవయ్యా. నీ పెరట్లో ఆకు చూస్తే అవి ఊరొదిలి పారిపోతాయి!" ఇవతల నుంచి మైంజా.

ఇద్దరివీ ఎగతాళి వరస ఉన్న వంశాలు. అలాంటివాళ్లు ఎంత తిట్టుకున్నా మా లోయలో ఎవరూ తప్పు పట్టరు. కానీ పొద్దున లేచిన దగ్గర్నుంచీ ఇన్ని తిట్లు, ఇంత సంబరంగా తిట్టుకుంటుంటే ఊరికి అనుమానం రాదూ?

మైంజా మొగుడు పోయి చాలా ఏళ్లయింది. సరస్సు నీళ్లు వెనక్కి తగ్గగానే పెరడు చివర తేలే ఒండ్రులో ఆమె మూడు రకాల పొగాకు వేస్తుంది. పొడుగాకు వాసనకి, గుండ్రాకు ఘాటుకి. మూడోది వాళ్ల అమ్మమ్మ వేసేది కాబట్టి. దానికి వాసనా లేదు, ఘాటూ లేదు. అయినా వేస్తుంది.

సొరబుర్ర హుక్కా మా దగ్గర ఆడవాళ్లదే. మగవాడు దాన్ని ముట్టుకుంటే నవ్వులపాలే. మరి చేపలు పట్టడానికి పైరేవు నుంచి వచ్చి, కంచె అవతల బస చేసిన చూమాకి పొగాకుతో ఏం పని? చనిపోయిన తల్లి విత్తనాలు గుడ్డలో మూట కట్టి తెచ్చుకున్నాడు. ఎవరూ వేయకపోతే అమ్మ రకం పోతుందట. అందుకని వేశాడు.

ఆ మాట విన్న రోజే మైంజా మనసు పారేసుకుంది. ఆ మనిషి ఈ ఇంటివాడు కావాలి. అంతే.

ఆమెకి ఎవరు పడితే వాళ్లు నచ్చరు. కిందటేడు ఒక పడవవాడు ఈ ఇంటి చుట్టూ తెగ తిరిగాడు. తిరిగినవాడు ఊరుకోక తన పొగాకుని రేకుల కప్పు మీద పరిచి ఎండబెట్టాడు. ఆకు పచ్చగానే గలగలలాడింది. పొగ పీలిస్తే గొంతు కోసుకుపోయింది. "ఆకు దగ్గరే ఆగలేనివాడు సంసారంలో ఏం ఆగుతాడు?" అని మైంజా అతని ముఖం మీదే తలుపేసింది.

చూమా అలా కాదు. కంచె సందుల్లోంచి ఆమె అంతా చూసింది. పూత రాగానే తలలు తుంచాడు. పిలకలు తీశాడు. అడుగాకు ముందు కోసి నీడన వేలాడదీశాడు. మంచుకి ఆకు మెత్తబడిన ఉదయాల్లో ఒక్కటీ చిట్లకుండా దించాడు. మగ్గడానికి కుప్పగా పేర్చి, గోనె కప్పి మండె వేశాడు. పసిబిడ్డ నుదురు తాకినట్టు మండెలో చెయ్యి పెట్టి వేడి చూసుకుని, మెల్లగా తిరగేశాడు.

కంచె ఇవతల మైంజా గుండె ఝల్లుమంది.

ఆ రోజు ఎర్రపూసలు వేసుకుంది. ఎండుచేపల కూర వండి, సంకటితో పాటు ఎదిగిన కూతురు లుయాండో చేత పంపింది. ఆ పిల్ల గిన్నె అక్కడే మరిచిపోయి వచ్చింది. తెమ్మని మళ్లీ పంపితే మూత మరిచిపోయి వచ్చింది. మైంజాకి ఎంత సంతోషమంటే, పిల్లని తిట్టను కూడా లేదు.

హుక్కాలోకి నిప్పు కోసం పొరుగింటి ఎస్నాత్ వచ్చింది.

"ఈ వయసులో ఈ పూసలేంటే? ఊరంతా నవ్వుతోంది."

"నవ్వనీ. నవ్వుల్లో ఆకు బాగా మగ్గుతుంది."

"అతను నోరు తెరిచి అడక్కపోతే?"

"ఈ గుండ్రాకంతా ఒక్కదాన్నే పీల్చి చస్తాను!"

ఇద్దరూ పొట్టలు పట్టుకుని నవ్వారు.

చూమా ఆకు తయారయింది. దంచి, ముద్ద చేసి, కంచె మీదుగా విసిరాడు. మైంజా హుక్కా బుర్రలో నీళ్లు మార్చి, ముద్ద గిల్లి నింపి, నిప్పు పెట్టింది. గుడగుడమంది. కళ్లు మూసుకుంది. కళ్లవెంట నీళ్లు కారాయి.

"ఎలా ఉంది?" అవతల నుంచి అడిగాడు చూమా.

"చెత్తగా ఉంది," అని మళ్లీ నింపుకుంది. "ఇంకో ముద్ద విసురు. ఎంత చెత్తో సరిగ్గా తేల్చి చెప్పాలి."

అంతలో పిడుగులాంటి కబురు. చేపలవాళ్లు బస ఎత్తేసి పైరేవుకి వెళ్లిపోతున్నారట. కంచె అవతల అలికిడి లేదు. తిట్లు లేవు. మైంజా గుండ్రాకు మండె తిప్పడం మరిచిపోయింది. ఆమె పుట్టి బుద్ధెరిగాక అలా మరిచిపోవడం అదే మొదటిసారి.

ఆదివారం చూమా వచ్చాడు. ఒంటరిగా కాదు, మేనమామలతో!

మగవాళ్లంతా మైంజా అన్నగారి వాకిట్లో కూర్చున్నారు. మొక్కజొన్నతో చేసిన తియ్యటి చిబ్వాంటు కుండ వాళ్ల మధ్యకి నిండుగా వెళ్లి ఖాళీగా తిరిగొచ్చింది. చివరికి అన్నగారు లేచి, "ఒప్పుకున్నాం!" అని కేకేశాడు.

ఆడవాళ్ల ఈలలతో సరస్సు మీద కొంగలు లేచిపోయాయి. మైంజా చిన్నపిల్లలా గంతులేసింది. ఎస్నాత్ వచ్చి వాటేసుకుంది.

"సాధించావే!"

"సాధించానే ఎస్నాత్, సాధించాను!"

చూమా కూడా సంతోషం పట్టలేకపోయాడు. జనం మధ్యలోంచి గొంతెత్తి అరిచాడు. "ఓ మైంజా! ఇకనైనా ఒప్పుకుంటావా, నా ఆకే గొప్పదని?"

ఊరంతా నవ్వుతూ ఆమె వైపు తిరిగింది. దిమ్మతిరిగే జవాబు ఆమె నాలుక చివరే ఉంది. నోరు తెరిచింది. గబుక్కున మూసేసింది. పైగుడ్డ ముఖం మీదికి లాక్కుని, గాదె వెనక్కి పరుగెత్తి, గోడవైపు తిరిగి కూర్చుంది. ఆ జవాబుని అలాగే మింగేసి, నవ్వుతూ, కళ్లు తుడుచుకుంటూ ఉండిపోయింది.

మా లోయలో పిల్లనిచ్చిన అత్త అల్లుడి ముఖం చూడకూడదు, మాట కలపకూడదు.