బుధవారం పుస్తకం

"ఆ పుస్తకం ఇటియ్యమ్మా," అంటూ చెయ్యి చాపాడు దయానందం.

సారమ్మ నీలం అట్ట నోటుబుక్కును చంకలో ఇంకాస్త గట్టిగా ఇరికించుకుంది. "కాగితం ఉన్నదా సారూ?"

"ఏం కాగితం?"

"మా ఇంట్ల వస్తువు తీస్కపొమ్మని మీకు రాసిచ్చిన కాగితం."

గుమ్మం పక్కన నిలబడ్డ ప్రవీణకు భయం పట్టుకుంది. నగరంలో ఏదో పేలుళ్ల కుట్ర బయటపడిందని, ఉగ్రవాదుల కోసం చుట్టుపక్కల ఊళ్లన్నీ జల్లెడ పడుతున్నారని పేపర్లో చదివింది. ఆ జల్లెడ కనకమామిడిలో సారమ్మ వాకిట్లోకి వస్తుందని మాత్రం అనుకోలేదు.

దయానందం నిఘా విభాగం అధికారి. ఫోన్ తీసి వీడియో చూపించాడు. మూలమలుపు స్తంభానికి కొత్తగా బిగించిన కెమెరా సూటిగా సారమ్మ అరుగు మీదికే చూస్తోంది.

"మూడు బుధవారాలు, ముప్పై ఒక్క మంది. ఒక్కొక్కరు పుస్తకం మీద చెయ్యి పెట్టుడు, నీ చెవిల గుసగుసలాడుడు. ఏం ప్రమాణాలు చేయిస్తున్నవ్?"

ప్రమాణాలట! అంత భయంలోనూ ప్రవీణకు నవ్వొచ్చింది. అది బుధవారం ప్రార్థన కూటం. మనసులో బరువున్నవాళ్లు ఆ పుస్తకం మీద చెయ్యి ఉంచి సారమ్మ చెవిలో చెప్పుకోవడం అక్కడి వాడుక. ఎవరైనా పెన్ను అందించబోతే, "మీరు పొయినంక రాసుకుంట" అనేది ముసలమ్మ. మరుసటి వారం పుస్తకం తెరిచి, ఒక్కరినీ మరవకుండా పేర్లు పైకి చదివి, సంగతులు మాత్రం మనసులోనే దేవుడికి విన్నవించేది. సారమ్మ పుస్తకంలో పడ్డ మాట సమాధిలో పడ్డట్టేనని ఊళ్లో అందరికీ నమ్మకం.

ప్రవీణ మాటా అందులోనే పడింది. మనసు బాగుండక రెండేళ్లుగా దవాఖానలో ఇచ్చిన మాత్రలు మింగుతోంది. మొగుడికి కూడా చెప్పలేదు. మొయినాబాద్‌లో తను పాఠాలు చెప్పే బడిలో తెలిస్తే ఉద్యోగం ఊడినట్టే. ఇప్పుడు ఆ పేజీ పోలీసుల బల్ల మీద పడబోతోంది.

"తప్పు లేనప్పుడు చూపిస్తే పోయేదేమున్నది?" అన్నాడు దయానందం.

"ఇయ్యాల నేను చూపిస్తే, రేపు చూపియ్యనోళ్లంత దొంగలైతరు. నా వల్ల గట్ల కావద్దు."

"అయితే స్టేషన్‌కు రావాల్సి వస్తది."

"పదుండ్రి. చెప్పులేసుకుంట."

డెబ్బై ఏళ్ల మనిషి నిజంగానే చెప్పుల కోసం వంగింది. అది చూసేసరికి ప్రవీణ భయం ఎటు పోయిందో పోయింది. ఒళ్లు మండిపోయింది.

"ఆగు అవ్వా! సార్, ఎవరి సంగతి వాళ్లదే, గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టే చెప్పింది. పిల్లలకు ఆ పాఠం చెప్పేది నేనే. ఆర్డర్ లేకుంట పుస్తకం ముట్టుకుంటే కంప్లైంట్ రాస్త. మొదటి సంతకం నాది."

"రెండోది నాది," గోడ అవతల నుంచి పక్కింటి సాముయేలు గొంతు.

"మాది గూడ రాసుకో టీచరమ్మా!" గేటు దగ్గర ఎప్పుడు పోగయ్యారో, సగం వాడ అక్కడే ఉంది.

దయానందం పక్కకు వెళ్లి ఫోన్ కలిపాడు. "లేదు సార్... రాతపూర్వకంగా ఏం లేదు సార్..." అని రెండుసార్లు అన్నాడు. తిరిగొచ్చేసరికి గొంతు దిగిపోయింది.

"ఆర్డర్ తీసుకొనే వస్త."

"రండ్రి సారూ, అప్పుడు చాయ్ పోస్త. పోయేముందు ఆ కెమెరా మొఖం జర రోడ్డు దిక్కు తిప్పుండ్రి."

సాముయేలు అప్పటికే నిచ్చెన తెచ్చేశాడు. గేటు దగ్గరి జనాన్ని ఓసారి చూసి దయానందం సైగ చేస్తే, వెంట వచ్చిన కానిస్టేబుల్ అంతయ్య ఎక్కి కెమెరాను రోడ్డువైపు తిప్పాడు. వాడంతా చప్పట్లే చప్పట్లు. ఇన్నాళ్లూ తలదించుకుని తిరిగిన ప్రవీణ అందరికంటే గట్టిగా కొట్టింది.

జీపు వెళ్లిపోయింది. జనం ఇళ్లకు పోయారు. ప్రవీణ మెల్లగా సారమ్మ పక్కన కూర్చుంది.

"అవ్వా, వాళ్లు ఆర్డర్‌తో మళ్లొస్తే ఎట్ల? నా పేజీ ఒక్కటి చింపుకుంట."

సారమ్మ బోసినోటితో నవ్వి, పుస్తకం ఆమె చేతిలో పెట్టింది.

"చింపుకో బిడ్డ."

ప్రవీణ మొదటి పేజీ తిప్పింది. రెండోది తిప్పింది. గబగబా వెనక అట్ట దాకా తిరగేసింది.

పుస్తకంలో ఒక్క అక్షరం కూడా లేదు.