ముప్పై ఎనిమిదో రోజు

"మనల్ని ముంచేది ఈ కాగితమే లోరెటా గారూ," అంటూ లారీ డ్రైవరు లైసెన్సుకి చేసే వైద్య పరీక్ష ఫారాన్ని లాయరు కర్టిస్ ముందుకు తోశాడు.

ఫ్లూ టీకా తర్వాత నరాలు చచ్చుబడి, లారీ డ్రైవరైన ఆమె భర్త ఎర్ల్ పోయాడు. సర్కారు పరిహారం ఇవ్వాలంటే టీకా వేసిన నలభై రెండు రోజుల్లోపే జబ్బు మొదలైందని రుజువు కావాలట. మనిషి పోవడం చాలదు. ఎర్ల్ ఆసుపత్రిలో చేరింది నలభై ఏడో రోజు.

"ఇది ముప్పై ఎనిమిదో రోజుది. చేతుల్లో తిమ్మిరి ఉందా అంటే 'లేదు' అని ఆయనే రాశారు."

"ఆయన కాదు నాయనా, నేను. ఆయన వేళ్లలో పెన్ను నిలవలేదు. ఉందని రాస్తే లైసెన్సు పోతుంది, ఉద్యోగం పోతుంది, దాంతో వచ్చే నా క్యాన్సర్ మందుల బీమా పోతుంది. సంతకం ఒక్కటే ఆయనది. చూడు, కోడి గీకినట్టు లేదూ?"

కర్టిస్ పాత సంతకం తీసి పక్కన పెట్టి చూశాడు. గొంతులో ఉత్సాహం ఆగలేదు. "ఇదే రుజువండీ. ముప్పై ఎనిమిదో రోజుకే పెన్ను పట్టలేకపోయారని మీరు ప్రమాణం చేసి చెబితే కేసు నిలుస్తుంది."

లోరెటా ఆ వంకర గీతల మీద వేలు ఉంచింది.

"ఆ రోజే నాకు తెలుసనీ, తెలిసీ ఇంకో తొమ్మిది రోజులు లారీ ఎక్కించాననీ చెప్పాలిగా?"

"కోర్టులో అడుగుతారండీ."

"అడగనీ. ఎందుకు ఎక్కించావని ఆయనే ఒక్కసారీ అడగలేదు."