వెనక కుంగిన కారు

"గ్యాస్ కట్టర్ ముట్టించు," అన్నాడు నగేష్.

వెల్డర్ ప్రభుదాస్ అగ్గిపెట్టె తీశాడు.

మునగాల దగ్గర హైవే పక్కన నగేష్ మెకానిక్ షెడ్డు. రెండు రోజులుగా అక్కడొక పెద్ద విదేశీ కారు వెనక కుంగి కూర్చుంది. మిర్యాలగూడ రైస్‌మిల్లు సేటు పరశురాములుది.

ఆ కారుకు వెనక ఇనుప స్ప్రింగులుండవు. రబ్బరు సంచులుంటాయి. బరువు పడి వెనక భాగం కుంగితే ఒక చిన్న మోటారు వాటిలోకి గాలి కొట్టి సమంగా లేపుతుంది.

ఇప్పుడు లేపడం లేదు. ఎందుకో నగేష్‌కు అంతు చిక్కడం లేదు.

సాయంత్రానికి బండి లేవకపోతే హైదరాబాద్ పంపుతానన్నాడు సేటు. పంపితే సూర్యాపేట నుంచి కోదాడ దాకా నగేష్ పేరు పోయినట్టే. అందుకే సంచులు కోసి పారేసి ఇనుప స్ప్రింగులు పెట్టేద్దామనుకున్నాడు. ఒకసారి కోస్తే మళ్లీ అతికేది లేదు.

"జర ఆగు తమ్మీ."

షేర్ ఆటో దిగిన మనిషి. యాభై దాటి ఉంటాయి. నెరిసిన గడ్డం, చంకలో బట్టల మూట.

"ఏం గావాలె?"

"నేరేడుచర్ల ఆటో కోసం నిలబడ్డ. కట్టర్ సూసి వచ్చిన. సంచులెందుకు కోస్తున్నవ్?"

"బియ్యం బస్తాలేసి తిప్పిండ్రు. పగిలినయి."

ఈ చుట్టుపక్కల ఏ బండి వెనక కుంగినా అందరూ చెప్పే కారణం అదే. నగేష్ కూడా అదే చెప్పాడు.

"సబ్బు నీళ్లు కొట్టి సూసినవా?"

"కొట్టిన. బుడగ రాలే."

"బుడగ రాకుంటే పగిలినట్టెట్ల?"

ప్రభుదాస్ నవ్వు ఆపుకున్నాడు. నగేష్‌కు మండింది.

"పెద్దమనిషీ, ఇది ఎడ్లబండి కాదు. కంప్యూటర్ బండి."

"ఎడ్లబండికి గూడ వంగి ఇరుసు సూస్తరు గద."

ఆ మనిషి మూట నేల మీద పెట్టాడు. వెనక చక్రం నడిమధ్య బొటనవేలు ఆనించి, పైన రేకు అంచుదాకా జానతో కొలిచాడు. రెండో పక్కకు పోయి అట్లాగే కొలిచాడు.

"రెండు దిక్కుల ఒక్కతీరుగ దిగింది. రెండు సంచులు మాట్లాడుకోని ఒక్కసారే పగుల్తయా?"

నగేష్ కూడా వంగి రెండు పక్కలా చూశాడు.

"మోటారు సంగతేంది?"

"నేరుగ బ్యాటరీ తీగ పెట్టి సూసిన. తిరుగుతంది."

"మంచిది. సంచి బాగుంది, మోటారు బాగుంది. మరి బండి కుంగిందని మోటారుకు చెప్పేదేది?"



"సదువుకున్నోని లెక్క అడుగుతండన్నా," అన్నాడు ప్రభుదాస్ నెమ్మదిగా.

"నువ్వు మూసుకో."

ఆ మనిషి అప్పటికే కారు కిందికి దూరాడు. కాళ్లు మాత్రమే బయటికి కనిపిస్తున్నాయి.

"లైటియ్యి తమ్మీ."

నగేష్ ఇచ్చాడు. ఇవ్వక ఏం చేస్తాడు. తనూ పక్కన పడుకుని చూశాడు.

వెనక ఇరుసు దగ్గర పెన్సిలంత సన్నని కడ్డీ. దాని పై కొన ఊడి వేలాడుతోంది. దానికి ఎండిన పెసర తీగ తాడులా పేనుకుని ఉంది.

రైతులు నూర్పిడి కోసం పెసర పంటను రోడ్డు మీద పరుస్తారు. కార్లూ లారీలూ తొక్కిపోతే కాయలు పగులుతాయి. రైతుకు కల్లం లేకపోతే రోడ్డే కల్లం. అందులో తప్పేమీ లేదు. కానీ తీగ మాత్రం దొరికినదాన్నల్లా చుట్టుకుంటుంది.

"గీ కడ్డీయే బండి ఎంత ఎత్తుల ఉందో కంప్యూటర్‌కు చెప్పేది. ఇది ఊడితే ఎత్తుగనే ఉన్ననని అనుకుంటది. గాలి ఎందుకు కొడ్తది?"

తీగ కోసి పారేశాడు. కడ్డీ కొనను దాని గుండీలో పెట్టి నొక్కాడు. టప్పుమంది.

"ఇంజన్ వెయ్యి."

ఇద్దరూ బయటికొచ్చారు. నగేష్ తాళం తిప్పాడు. వెనక ఎక్కడో మోటారు గురగురమంది. కారు వెనక భాగం నిదానంగా, వేలు మందం, రెండు వేళ్ల మందం, పైకి లేచింది.

ప్రభుదాస్ అగ్గిపెట్టె జేబులో పెట్టేసుకున్నాడు.

"డ్రైవరుకు చెప్పు తమ్మీ. పంట తొక్కిన ప్రతిసారి దిగి కిందికి సూడాలె. తీగ బిగుసుకోకముందే పీకాలె."

ఆయన రేకు మీద పడిన తన వేలిముద్రలను చొక్కా అంచుతో తుడిచాడు.

"చాయ్ తాగి పో పెద్దాయనా," అన్నాడు నగేష్. పెద్దమనిషి కాస్తా పెద్దాయన అయ్యాడు.

"ఆటో వచ్చింది. సోమవారం నుంచి బడి బస్సు నడపాలె, ఇయ్యాల్నే పోయి మాట్లాడుకోవాలె. నలభై మంది పిల్లలట," అని నవ్వుతూ ఎక్కేశాడు.

నగేష్ సేటుకు ఫోన్ చేశాడు.

"బండి లేచింది సేటూ. ఏం కొయ్యలే."

"శభాష్ నగేషూ. ఏమైండే?"

నేనే కనిపెట్టాననే మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు.

"కింద పెసర తీగ సుట్టుకోని కడ్డీ ఊడింది. ఒకాయన సూసి చెప్పిండు. తొవ్వన పోయేటాయన."



"గడ్డం నెరిసి ఉంటదా? జానతోటి కొలిచిండా?"

"అవు సేటూ. నీకెట్ల ఎరుక? ఇప్పుడే ఆటో ఎక్కిండు, ఏదో బడి బస్సు కొలువట."

"గాయన మా డ్రైవర్ బిచ్చా," అన్నాడు సేటు మెల్లగా. "రోడ్డు మీద పంట కనపడ్డ కాడల్ల బండాపి కిందికి దూరుతుండె, పని ఎగ్గొడుతుండని పోయిన నెల నేనే తీసేసిన."