సభలో పుంజుగారి చోటు

మా దొడ్లోకి బావురుపిల్లి వచ్చింది గద్దల నుంచి కోళ్లను కాపాడటానికే. ఆ మాట అదే చెప్పింది. చెప్పినట్టే, ఆ తర్వాత గద్ద ఒక్క కోడినీ ముట్టుకోలేదు. వారానికొకదాన్ని పిల్లే తింటోంది.

కోళ్లకు రోషం వచ్చింది. నెల్లాళ్లు తర్జనభర్జన పడి అర్జీ రాశాయి: "ఈ వారం ఎవరిని తినాలో తేల్చే సభలో మాకూ ఒక చోటు ఇప్పించ ప్రార్థన."

"అసలు తినొద్దని రాయకూడదా?" అంది రెక్కల కింద పిల్లలను పొదువుకున్న బొల్లిపెట్ట.

"ఊరుకో పిన్నీ, ప్రభువులు ఏమనుకుంటారు?" అంది పుంజు. దానికి చదువు లేదు గానీ జుట్టు మాత్రం దర్జాగా ఉంటుంది.

పిల్లి దయతలిచి చోటిచ్చింది. కోళ్లు పుంజును దొడ్డంతా ఊరేగించి సభకు పంపాయి.

సభ ముగిశాక పుంజు తిరిగొచ్చింది. కోళ్లన్నీ చుట్టూ మూగాయి.

"ఈ వారం ఎవరు బావగారూ?"

పుంజు బొల్లిపెట్ట వైపు తిరిగింది. "నువ్వే పిన్నీ. నీ పేరు నేనే చెప్పాను. మన ఇంటి ఆడపడుచు పేరు పరాయివాడి నోట రానిస్తానా?"

"మరి నా పిల్లలో?"

"వాళ్ల సంగతి వచ్చే సభలో చర్చకు పెట్టించాను."

అంత సాధించుకొచ్చినందుకు కోళ్లన్నీ రెక్కలు టపటపలాడించాయి.