కొబ్బరివేర్లు

"డైపర్లు అందులో పడెయ్యొద్దని ఎన్నిసార్లు చెప్పేనమ్మా?" అంది సత్యవేణి, చీర కుచ్చెళ్లు ఎగదోపుకుంటూ.

బాత్రూంలోంచి నల్లటి నీళ్లు గడప దాటి హాల్లోకి వస్తున్నాయి. కోడలు లావణ్య పాపను ఎత్తుకుని గోడకి ఆనుకుని నిలబడిపోయింది.

"నేను వెయ్యలేదండి అత్తయ్యగారూ."

సత్యవేణి గడపకి పాత గుడ్డలు అడ్డం వేసింది. ఆ పిల్లను గట్టిగా ఒక మాటంటే తరవాత తనకే మనసు పీకుతుంది. తల్లీ తండ్రీ చిన్నప్పుడే పోయారట. హాస్టళ్లలో పెరిగింది. రామచంద్రపురం కాలేజీలో తన కొడుకు అనిల్‌తో కలిసి చదివి, అతన్నే పెళ్లి చేసుకుంది. పెళ్లికి అమ్మాయి తరఫున ఒక్క మనిషి రాలేదు. పురిటికి వెళ్లడానికి పుట్టిల్లు కూడా లేకపోతే అన్నీ సత్యవేణే చూసుకుంది.

అనిల్ ఆఫీసు నుంచే ఎవరికో ఫోన్ చేశాడు. పదకొండింటికి సెప్టిక్ ట్యాంకు బండి వచ్చి గేటు ముందు ఆగింది. దిగిన మనిషికి యాభై అయిదేళ్లుంటాయి. పేరు సింహాద్రి అన్నాడు. పి.గన్నవరం నుంచి వచ్చాడట.

"అంత దూరం నుంచా? మా కొత్తపేటలో ఎవరూ లేరా?"

"ఉన్నారండి. నేనే వస్తానన్నానండి."

అతను గేటు దగ్గరే చెప్పులు విడిచాడు.

"చెప్పులేసుకోవయ్యా, పెరడంతా గలీజుగా ఉంది."

"పర్లేదండి."

పెరట్లో కొబ్బరిచెట్టు పక్కనున్న డ్రైనేజీ చాంబరు మూత తీసి, ఇనపకొక్కెం లోపలికి దింపాడు. అతని గొంతు విని కిటికీ దగ్గరికి వచ్చిన లావణ్య, పాపను అత్తగారి చేతుల్లో పెట్టి గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. వాసనకు తట్టుకోలేకపోతోంది కాబోలు అనుకుంది సత్యవేణి.

"మా కోడలే డైపర్లు పడేసి ఉంటుందయ్యా."

అతను కొక్కెం పక్కన పెట్టాడు. పాపవైపు చూశాడు.

"ఎన్నో నెలండి?"

"ఆరు నిండేయి. తులసి. వాళ్లమ్మ తన తల్లి పేరని పట్టుబట్టి పెట్టుకుంది."

సింహాద్రి మొహం భుజానికేసి తుడుచుకుని మళ్లీ చాంబరులోకి వంగాడు.

ఎండ ముదిరింది. సత్యవేణి కోడలిని పిలిచి మంచినీళ్లు తెమ్మంది. లావణ్య గ్లాసు తెచ్చేసరికి సగం నీళ్లు దారిలోనే ఒలికిపోయాయి. కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

"అక్కడ పెట్టండమ్మా. చేతులు బాగోలేవు" అన్నాడతను తలెత్తకుండా.

ఆమె గ్లాసు మెట్టు మీద పెట్టి అక్కడే నిలబడింది.

"లోపలికెళ్లండమ్మా. ఈ గాలి పడదు మీకు."

ఆమె వెళ్లేదాకా అతను కొక్కెం కదపలేదు.

తరవాత ఒక్క ఊపున పెద్ద ముద్ద పైకి లాగి, సత్యవేణి దగ్గరికి వచ్చేలోపే గోనెసంచిలో కుక్కేశాడు. బండి గొట్టం వేసి ట్యాంకంతా ఖాళీ చేశాడు. బాత్రూంలో నీళ్లు గడగడమంటూ దిగిపోయాయి.

"కొబ్బరివేర్లండి. పైపులోకి దూరిపోయేయి. కోడలుగారి తప్పేం లేదండి. ఆవిణ్ణేమీ అనకండి."

"నేనెందుకంటానయ్యా" అంది సత్యవేణి, కాస్త చిన్నబోయి.

అతను మెట్టు మీది నీళ్లు గుక్క మిగల్చకుండా తాగి, గ్లాసు కుళాయి కింద కడిగి బోర్లించి వెళ్లిపోయాడు.

బ్లీచింగ్ పౌడరు చల్లుదామని పెరట్లోకి వెళ్లిన సత్యవేణికి, చాంబరు అంచున ఉబ్బిపోయిన డైపరొకటి కనిపించింది. వేరు ముక్క మాత్రం ఎక్కడా లేదు. ఆమె నేరుగా కోడలి గదిలోకి వెళ్లింది. లావణ్య నేల మీద కూర్చుని ఉంది.

"డైపర్లే కదమ్మా?"

"ఆయ్. నేనే వేసేనండి. భయమేసి చెప్పలేదండి."

సత్యవేణికి కోపం రాలేదు.

"అది సరే. ముక్కూ మొహం తెలీని మనిషి, నీకోసం అబద్ధం ఎందుకు చెప్పేడు?"

 లావణ్య కళ్లెత్తి అత్తగారి కళ్లలోకి చూసింది.

"ఆయన మా నాన్నండి."